షట్టర్ స్పీడ్‌ను మైకుతో కొలవకండి

"అన్నా, ఫోన్ల యాప్ పెట్టి చూసిన. కెమెరా 1/1000లో పెడితే 1/77 చూపిస్తుంది. షట్టర్ పోయినట్టేనా?"

పెంటాక్స్ కె1000 లాంటి పాత ఫిల్మ్ కెమెరా చేతికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. 1/1000 అంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు సేపే తెరుచుకోవాలి, యాప్ చూపించేది సెకనులో 77వ వంతు. అయినా షట్టర్ పోలేదు. ఆ యాప్ మైకుతో చప్పుడు విని లెక్క కడుతోంది, అంతే. ఆ అంకెను నమ్మి, బాగున్న షట్టర్‌ను విప్పించుకున్నవాళ్లున్నారు. నాకు బాధ అక్కడే. అందుకే ఈ వీడియో.

ఈ కెమెరాల్లో షట్టర్ అంటే ఫిల్మ్ ముందు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే రెండు గుడ్డ తెరలు. మొదటిది వెలుతురుకు దారి తెరుస్తుంది, రెండోది మూస్తుంది. వాటిని నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే రెండు బస్సులనుకోండి. మొదటిది బయల్దేరిన 5 నిమిషాలకు రెండోది బయల్దేరింది. ప్రయాణం గంట. దారిలో తిప్పర్తి దగ్గర నిలబడ్డ మనిషికి ఒక బస్సు పోయిన 5 నిమిషాలకు ఇంకోటి కనపడుతుంది. ఆ 5 నిమిషాలే ఎక్స్‌పోజర్, అంటే వెలుతురు పడే సమయం. ఫిల్మ్ మీద ప్రతి చుక్కా తిప్పర్తిలో నిలబడ్డ మనిషే.

మరి మైకుకు ఏం వినపడుతుంది? నల్లగొండలో మొదటి బస్సు కదిలిన చప్పుడు, మిర్యాలగూడలో రెండో బస్సు ఆగిన చప్పుడు. మొత్తం 65 నిమిషాలు. గ్యాప్ 10 నిమిషాలు చేసినా 70 అవుతుంది, అంతే.

[స్క్రీన్ మీద: 12 + 1 = 13]

ఒక తెర 36 మిల్లీమీటర్ల ఫ్రేమ్ దాటడానికి 12 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 1/1000 అంటే గ్యాప్ 1 మిల్లీసెకను. మైకు వినేది 13, అంటే 1/77. 1/500 పెడితే 14, అంటే 1/71. అసలు స్పీడు సగానికి పడిపోయినా యాప్‌లో అంకె కదిలీ కదలనట్టే ఉంటుంది. 1/4, 1/2, 1 సెకను లాంటి వాటికైతే మైకు చాలు. 250 మిల్లీసెకన్లలో 12 ఎంతని?

వేగం పెరిగేకొద్దీ కొలవాల్సింది వెలుతురునే.

[దగ్గరగా: చేతిలో ఫోటోట్రాన్సిస్టర్]

వెలుతురును పసిగట్టే రెండు కాళ్ల ఈ చిన్న గుండును ఫోటోట్రాన్సిస్టర్ అంటారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. బదులుగా ఎల్‌డీఆర్ అనే ఇంకో రకం వెలుతురు సెన్సర్ ఇస్తే మాత్రం తీసుకోకండి, వెలుతురు మారితే అది తేరుకోవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. కాళ్లకు మైకు పిన్ను వైర్లు సోల్డర్ చేసి కంప్యూటర్ మైకు సాకెట్‌లో పెట్టండి. మైకు కోసం అక్కడ వచ్చే కొద్దిపాటి కరెంటే చాలా సౌండ్ కార్డుల్లో సరిపోతుంది. సిగ్నల్ రాకపోతే కాళ్లు తిప్పి కలపండి.

దాని ముందు నల్ల కాగితం అతికించి సూదితో రంధ్రం చేయండి. ఇది తప్పనిసరి. 1/1000 దగ్గర తెరల మధ్య సందు సుమారు 3 మిల్లీమీటర్లే. సెన్సర్ ముఖమే అంత వెడల్పుంటే ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుందో కలగాపులగమైపోతుంది. రంధ్రం 1 మిల్లీమీటరు దాటొద్దు.

వెలుతురుకు బ్యాటరీ టార్చి, ఫుల్ బ్రైట్‌నెస్‌లో. ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు వెలుగు ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి ఎక్కువ తక్కువ అవుతుంది, కొలత అందులో కలిసిపోతుంది.

లెన్స్ తీసేయండి, వెనక తలుపు తెరవండి. ముందు టార్చి, వెనక ఫిల్మ్ ఉండే చోట సెన్సర్. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, రికార్డ్ నొక్కి షట్టర్ కొట్టండి. వెలుతురు పడ్డప్పుడు ఒక మొన, పోయినప్పుడు ఎదురు దిక్కుకు ఇంకో మొన కనపడతాయి. వాటి మధ్య దూరమే మీ అసలు స్పీడు. సెకనుకు 44,100 శాంపిళ్లంటే మిల్లీసెకనుకు 44, మన పనికి చాలు.

ఇప్పుడు బస్సుల సంగతి మళ్లీ. రెండో బస్సు నెమ్మదించిందనుకోండి, తిప్పర్తిలో 5 నిమిషాల గ్యాప్ మిర్యాలగూడకు 8 అవుతుంది. అలాంటి షట్టర్‌తో తీస్తే ఫోటో ఒకవైపు తెల్లబోతుంది. ఎదురు జరిగి రెండో బస్సు మొదటిదాన్ని అందుకుందా, అక్కడి నుంచి ఫోటో నల్లగా వస్తుంది. అందుకే ఫ్రేమ్‌కు కుడి, ఎడమ, మధ్య మూడుచోట్లా కొలవాలి. కొనుక్కునే టెస్టర్లలో మూడు సెన్సర్లున్నవి ఒక్క నొక్కుతో ఇది చెప్పేస్తాయి. రిపేర్లు చేసేవాళ్లకు అవే మేలు.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా. యాషికా ట్విన్ లెన్స్‌లో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, మధ్యలో ఒక్కచోట కొలిస్తే చాలు. చాలాకాలం వాడని కెమెరాను ముందు కాసేపు ఉత్తినే కొట్టి, తర్వాత కొలవండి. 1 రావాల్సిన చోట 1.4 మిల్లీసెకన్లు వస్తే వెలుతురు అర స్టాప్ ఎక్కువ (ఒక స్టాప్ అంటే రెట్టింపు). నెగటివ్ తట్టుకుంటుంది, స్లయిడ్ ఫిల్మ్ తట్టుకోదు. వచ్చిన అంకెలన్నీ చీటీ మీద రాసి కెమెరా కేసులో పెట్టుకోండి. డయల్‌పై 1/1000 దగ్గర 1/600 వస్తుంటే, వెలుతురు కొలిచే మీటర్‌ను 1/600కే చూసుకుని తీయండి.