లెన్సు నిలబడే చోటు

అందరికీ నమస్కారం.

ఇప్పుడు ఎవరికైనా పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేస్తే, చాలాసార్లు పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లే కనిపిస్తాయి. అందులో ఒక గాటు గుండా లోపలికి వెళ్లేది లాపరోస్కోపు. సుమారు 10 మిల్లీమీటర్ల లావు, 30 సెంటీమీటర్ల పొడవు ఉండే ఉక్కు గొట్టం. దాని లోపల పొడవాటి లెన్సుల్లా పనిచేసే గాజు కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. ఒక చివర కనిపించిన దృశ్యాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ, రెండో చివరన ఉన్న కెమెరాకు చేరుస్తాయి. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కడ్డీలు గొట్టంలో వంకర పోకుండా ఎలా నిలబడుతున్నాయన్న సంగతి గురించి.

మన పాఠ్యపుస్తకాల్లో లెన్సు బొమ్మ వేసేటప్పుడు అక్షం ముందే గీసి ఉంటుంది. లెన్సులన్నీ ఆ గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. కార్ఖానాలో ఆ గీత ఉండదు, దాన్ని మనమే పుట్టించాలి. లెన్సుకు రెండు వంపు ముఖాలు ఉంటాయి, ఒక్కో వంపుకు ఒక్కో కేంద్రం ఉంటుంది. ఆ రెండు కేంద్రాలను కలిపే గీతే అసలైన అక్షం. చేతికి తగిలేదీ, గొట్టానికి ఆనేదీ మాత్రం లెన్సు అంచు. అంచుకూ అక్షానికీ పొత్తు కుదరకపోతే, ఎంత చక్కటి గొట్టంలో పెట్టినా ఆ లెన్సు వంకరగా చూస్తుంది.

కుమ్మరి సారె మీద మట్టిముద్ద పెట్టగానే కుండ చేయడం మొదలుపెట్టడు. ముందు ముద్దను నడిమికి తెస్తాడు. లెన్సు విషయంలోనూ అంతే. నిలువుగా తిరిగే ఇత్తడి గొట్టం అంచు మీద, వేడికి మెత్తబడే పిచ్‌తో లెన్సును అంటిస్తారు. గొట్టం అంచు సరిగ్గా తిరుగుతుంటే, దాని మీద ఆనిన కింది ముఖపు కేంద్రం తనంతట తానే తిరుగుడు అక్షం మీదికి వచ్చేస్తుంది. మిగిలింది పై ముఖం. దాని మీద పడిన దీపం ప్రతిబింబాన్ని చూస్తూ లెన్సును తిప్పుతారు. ప్రతిబింబం చిన్న వలయంలా తిరుగుతుంటే లెన్సు ఇంకా పక్కకు ఉన్నట్టు. పిచ్ మెత్తగా ఉండగానే వేలితో కొద్దికొద్దిగా జరుపుతారు. వలయం చిన్నదవుతూ, అవుతూ, చివరకు లెన్సు తిరుగుతున్నా ప్రతిబింబం కదలకుండా నిలబడుతుంది. అప్పుడు అంచును వజ్రపు చక్రంతో అరగదీస్తారు. ఇది పాత పద్ధతే. ఇప్పుడు లేజర్లూ కెమెరాలూ వచ్చినా, చూసేది ఆ ప్రతిబింబాన్నే.

సరే, అంచు కుదిరింది. ఇక గొట్టంలోకి దించాలి. దిగాలంటే కొంత సందు కావాలి. 20 మైక్రాన్ల సందు ఇచ్చామనుకుందాం. మన తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేని సందు అది. అంచు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పల్చటి లెన్సును గొట్టం గోడలే పట్టుకోవాల్సి వస్తే, ఆ సందులోనే అది అర డిగ్రీకి పైగా ఒరగగలదు. అదే 30 మిల్లీమీటర్ల పొడవున్న గాజు కడ్డీ అయితే, ఒరిగేది అందులో పదిహేనో వంతే.

ఈ చిన్న లెక్కలో హెరాల్డ్ హాప్కిన్స్ గొప్పతనం ఉంది. ఈ బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్తకు ముందు, ఇలాంటి పరికరాల్లో పొడవాటి గాలి ఖాళీల మధ్య పల్చటి లెన్సులు ఉండేవి. ఆయన దాన్ని తిరగేశాడు. పొడవాటి గాజు కడ్డీల మధ్య సన్నటి గాలి ఖాళీలు ఉంచాడు. 1959లో పేటెంటుకు వెళ్లిన ఆ ఆలోచనను 1960లలో జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ పరికరంగా తయారుచేశాడు. కాంతి దారిలో ఎక్కువ భాగం గాజులోనే సాగడం వల్ల వెలుతురు రెండింతలకు పైగా పెరిగింది. అందరూ చెప్పేది ఆ వెలుతురు గురించే. నాకు మాత్రం కడ్డీ ఆకారమే ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది. బిగించేవాడి చేతి నేర్పు మీద పడాల్సిన భారాన్ని ఆయన గాజు పొడవు మీద పెట్టాడు. డిజైన్ అంటే అదీ అని నా నమ్మకం.

మన విద్యార్థులు కంప్యూటర్‌లో కిరణాల దారి గీసి, బొమ్మ స్పష్టంగా వచ్చిందని సంతోషపడతారు. నేను వెంటనే అడుగుతాను: రెండో లెన్సును 10 మైక్రాన్లు పక్కకు జరిపి చూశావా? చాలామంది చూడరు. ఏ లెన్సు జరిగితే బొమ్మ ఎక్కువ చెడుతుందో మొదట్లోనే తెలిస్తే, వంపును పక్క లెన్సులకు పంచి ఆ ఒక్కదాని మీద ఒత్తిడి తగ్గించవచ్చు. ఇది గీసేటప్పుడే చేయాల్సిన పని. గొట్టం తయారయ్యాక చేసేదేమీ ఉండదు.

వేడిని కూడా మరచిపోవద్దు. ఇలాంటి పరికరాలను కొన్ని ఆసుపత్రుల్లో 134 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తారు. గది వేడి నుంచి అక్కడికి చేరేసరికి 30 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం అర మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. లోపలి గాజు వరుస అందులో సగం కూడా సాగదు. బిగుతుగా పేర్చిన వరుస వదులవుతుంది, చల్లారాక మళ్లీ బిగుస్తుంది. ఆ రాకపోకలకు చోటివ్వని డిజైన్ ఎన్నో రోజులు బతకదు.

ఇంకొక్క ఉదాహరణ. 1990లో నింగికి పంపిన హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువగా చదునయింది. కారణం అద్దం చెక్కినవారి చేతి పొరపాటు కాదు. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు తప్పి ఉంది. ఆ పరికరాన్ని నమ్మి అద్దాన్ని ఎంతో నున్నగా, అచ్చం దాని తప్పుకు సరిపడేట్టు చెక్కారు. వేరే పరీక్షల్లో తేడా కనిపించింది. అవి అంత సూక్ష్మమైనవి కావని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి ఆ లోపాన్ని సరిదిద్దే పరికరాలు బిగించి వచ్చారు. అందుకే లెన్సుల కూర్పును గీసేటప్పుడే, దాన్ని రెండు వేర్వేరు దారుల్లో ఎలా కొలుస్తామో కూడా రాసుకోమంటాను.

ఇక నేను చెప్పడం ఆపుతాను. బయట వరండాలో బల్ల మీద ఒక ఇత్తడి గొట్టం, ఒక లెన్సు, ఒక దీపం పెట్టాను. గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూ లెన్సును వేలితో జరపండి. ఒక్కొక్కరే రండి, తొందరేమీ లేదు. ప్రతిబింబం నిలబడినప్పుడు నన్ను పిలవండి.