డాలస్ టు హైదరాబాద్ ఫ్లైట్ రివ్యూ: పది నెలల బాబుకి బేసినెట్ సీటు తీసుకోవాలా?

అందరికీ నమస్తే అండీ. ఖమ్మంలో అమ్మ వాళ్లింట్లో కూర్చుని చేస్తున్నా ఈ వీడియో. వచ్చి మూడు రోజులైనా చిన్నోడికి ఇంకా అమెరికా టైమే నడుస్తోంది. ఇప్పుడు పక్క గదిలో పడుకున్నాడు, అందుకే కాస్త నెమ్మదిగా మాట్లాడుతున్నా.

మేం వచ్చింది ఖతార్ ఎయిర్‌వేస్‌లో. డాలస్ నుంచి దోహాకి 14 గంటల పైనే, అక్కణ్నుంచి శంషాబాద్‌కి ఇంకో నాలుగు గంటలు. మా వారు, నేను, ఐదేళ్ల పాప, పది నెలల బాబు. భోజనం బాగుంది, సీట్లు బాగున్నాయి, ఇక దాని గురించి ఎక్కువ చెప్పను. చంటిపిల్లలున్న వాళ్లు నన్ను అడుగుతున్నది బేసినెట్ గురించి, అంటే విమానంలో చంటిపిల్లల్ని పడుకోబెట్టే చిన్న తొట్టి. అదే చెప్తా.

మొదటి ఫ్లైట్ ఏ350, ఎకానమీలో 3-3-3 సీట్లు. మాకు మధ్య మూడూ వచ్చాయి, ఎదురుగా గోడ ఉండే వరుసలో. టేకాఫ్ అయ్యాక ఆ గోడకే బేసినెట్ బిగిస్తారు. అందులో అమ్మ పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి పరిచా. ఇంట్లో వాడు పడుకునేది దాని మీదే. రెండు నిమిషాలు అటూ ఇటూ పొర్లి, చీర అంచు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయాడు. ప్రాణం లేచొచ్చింది నాకు.

గంట గడిచిందో లేదో, కుదుపులు. సీట్ బెల్ట్ లైటు వెలిగింది. అది వెలిగితే బాబుని బేసినెట్‌లో ఉంచకూడదు. తీసి ఒళ్లో పెట్టుకుని, చిన్న బెల్టు మన బెల్టుకి తగిలించి వాడికి పెట్టాలి. భద్రత కోసం పెట్టిన రూలు, పాటించాల్సిందే. కానీ 14 గంటల్లో నాలుగు సార్లు అలా అయింది. మూడోసారి చీరతో సహా ఎత్తాను, అయినా లేచాడు. ఆ తర్వాత ఎంత జోకొట్టినా పడుకోలేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ వరుసలో భోజనం ట్రే చేతి పక్కనే మడిచి ఉంటుంది, అందుకని ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు. మామూలు వరుసలో అది ఎత్తేస్తే పాప నా ఒళ్లో తల, వాళ్ల నాన్న ఒళ్లో కాళ్లు పెట్టుకుని పడుకునేది. ఇక్కడ కూర్చునే నిద్రపోయింది, మెడ వాల్చేసి. చూస్తుంటే ఏడుపొచ్చింది. పైగా ముందు సీటు ఉండదు కాబట్టి టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో బ్యాగు కింద పెట్టుకోవడానికి లేదు. డైపరు, వైప్స్, ఒక జత బట్టలు చిన్న సంచిలో వేసి చేతికందేలా ఉంచుకోండి.

నన్నడిగితే ఐదారు నెలల లోపు బిడ్డకి కళ్లు మూసుకుని బేసినెట్ తీసుకోండి. పట్టుకుని లేచి నిలబడే వయసుకి మాత్రం వద్దు, పైన ఇంకో బిడ్డ ఉంటే అసలే వద్దు.

తిండికి వేయించిన అటుకుల పొడి తీసుకెళ్లా. క్రూని వేడినీళ్లు అడిగి కలిపితే చాలు. పాలు, ప్యూరీలు 100 మిల్లీలీటర్లు దాటినా చంటిపిల్లల కోసమైతే డాలస్ సెక్యూరిటీలో తీసుకెళ్లనిస్తారు, ముందే బయటకి తీసి చూపించండి.

దోహాలో మళ్లీ చెకింగ్ ఉంటుంది. అది దాటాక తల మీద దీపం పెట్టుకున్న పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తుంది. పాప దాని చుట్టూ పది రౌండ్లు పరిగెత్తింది. పరిగెత్తనివ్వండి, రెండో ఫ్లైట్‌లో వెంటనే పడుకుంటారు.

అయితే ల్యాండింగ్‌కి అరగంట ముందు లేపాలి. నిద్రలో గుటక తక్కువ వేస్తారు, దాంతో చెవుల్లో ఒత్తిడి సర్దుకోక నొప్పి పెడుతుంది. బాబుకి పాలు పట్టా, పాపకి నీళ్లు గుక్కగుక్కగా తాగించా. ఇద్దరూ ఏడవలేదు.

మీకేమైనా అనుమానాలుంటే కామెంట్‌లో అడగండి, చూసి జవాబిస్తా. ఆగస్టులో తిరుగు ప్రయాణానికి మామూలు వరుసలోనే సీట్లు మార్పించుకున్నాం. అమ్మ ఇంకో పాత చీర ఉతికి ఆరేసింది.