గోమారి కరిస్తే లైమ్ జబ్బు వస్తుందా?

(గేదె చెవి దగ్గరగా)

ఇదిగో, మా గేదె చెవి వెనకాల చిక్కుడుగింజలా ఉబ్బి వేలాడుతోందే, అదే గోమారి. పుస్తకాల్లో పిడుదు అంటారు. అమలాపురం చుట్టుపక్కల పాడి ఉన్న ఇళ్లలో దీన్ని పీకి అవతల పారేసేవాళ్లే గానీ భయపడేవాళ్లని నేను చూడలేదు. మా పిన్ని మాత్రం అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండొచ్చాక పాకలోకి అడుగు పెట్టనంటోంది. లైమ్ వస్తుందట!

పిన్ని భయం ఉత్తిదేం కాదు, అక్కడ పడాల్సిన భయం ఇక్కడ పడుతోంది, అంతే. 1975 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊళ్లో, ఆ పక్క ఊళ్లలో, పిల్లలకి వరసగా మోకాళ్లు వాచిపోతుంటే ఆరా తీశారు, జబ్బుకి ఆ ఊరి పేరే పడింది. కారణం బొరీలియా అనే బాక్టీరియా. పిడుదుకి అది పుట్టుకతో రాదు, పిల్లగా ఉన్నప్పుడు అడవి ఎలుక రక్తం తాగి ఎక్కించుకుంటుంది, తర్వాత మనల్ని పట్టుకుంటే మనకి దించుతుంది. అందరూ జింకని తిడతారు గానీ అసలు దొంగ ఎలుకే. పైగా దీన్ని మోసేది ఇక్సోడెస్ అనే జాతి, మన గేదెల మీద తిరిగేది వేరే జాతి.

కరవగానే రాదు కూడా, మామూలుగా ఒక రోజుకి పైగా పట్టుకుని ఉండాలి. చిక్కేంటంటే పిల్ల పిడుదు గసగసాల గింజంత, మోకాలి వెనక దాక్కుంటే ఎవరికి కనపడుతుంది? 3 నుంచి 30 రోజుల్లో కరిచిన చోట ఎర్రమచ్చ, కాలవలో రాయేస్తే లేచే వలయంలా, రోజురోజుకీ పెద్దదవుతుంది. అప్పుడే డాక్టర్ చెప్పిన యాంటీబయాటిక్ వాడితే చాలామందికి తగ్గిపోతుంది. వదిలేస్తే కీళ్లు, నరాలు, ఒక్కోసారి గుండె.

(చేతిలో ప్లక్కర్)

మనిషిని పట్టుకుంటే కిరసనాయిలు పొయ్యద్దు, అగ్గిపుల్ల పెట్టద్దు, పిడుదు కంగారుపడి ఇంకా కక్కుతుంది. చర్మానికి ఆనించి పట్టుకుని మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. సబ్బుతో కడగండి. గోళ్లతో నలపద్దు, ఇది మా నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో!

మనవైపు నిజంగా చూసుకోవాల్సింది వేరే ఉంది. జ్వరంతో పాటు ఒంటిమీద సిగరెట్టు కాలినట్టు నల్లటి పక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, గడ్డిలో ఉండే మరీ చిన్న పురుగు కుడితే వస్తుంది, ఆ పక్కు డాక్టర్‌కి చూపించండి.

పిన్నీ, చూశావుగా, పాలు తీసే టైమైంది, రా.