సూదికి ముందు చెప్పాల్సిన మాట

శ్రోతలకు నమస్కారం. చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లు బిడ్డలకు టీకాలేసిన నర్సమ్మను నేను. ఒకసారి ఒకటిన్నర నెల పసిబిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి, "ఏమన్నా అవుతుందామ్మా?" అనడిగింది. వెనక వరస పొడుగ్గా ఉంది. "ఏమీ కాదు పోమ్మా" అనేశాను. ఆ రాత్రి బిడ్డకు ఒళ్లు కాలింది, తొడ వాచింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది గానీ, మళ్లీ సూదికి ఆమె రాలేదు. ఇంటికి పోతే, "ఏమీ కాదంటివే" అనింది. నిజమే. అన్నాను.

టీకాతో హాని అసలే ఉండదని చెప్పేవాళ్లంటే నాకిప్పటికీ భయమే. పోలియో చుక్కల్లో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. లక్షల డోసుల్లో ఎక్కడో ఒక బిడ్డకు అదే కాలు పడేసేది. ఊరూరా పోలియో ఉన్నప్పుడు ఆ మాత్రం ముప్పును ఓర్చుకున్నాం. 2011లో హౌరాలో చివరి కేసు వచ్చాక లెక్క మారింది. 2015లో పోలియో సూదిని చేర్చారు, 2016లో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. తప్పు ఎత్తిచూపినవాళ్లు ఉండబట్టే ఈ మార్పు.

కోవిషీల్డ్ సంగతీ అంతే. అరుదుగా కొందరికి రక్తం గడ్డకట్టింది. అందుకే 2021 మేలో, ఇదే టీకాను ఆస్ట్రాజెనెకా పేరుతో వేస్తున్న బ్రిటన్ నలభై ఏళ్ల లోపువాళ్లకు వేరే టీకా ఉంటే అదే వేయమంది, పెద్దవాళ్లకు మాత్రం దీన్నే కొనసాగించింది. కోవిడ్‌తో చచ్చిపోయే ముప్పు అరవై ఏళ్లవాళ్లకూ పాతికేళ్లవాళ్లకూ ఒకటి కాదు కదా! 2024లో ఈ సంగతి మళ్లీ వార్తల్లోకొస్తే, మా వీధిలో ఒకాయన మూడేళ్ల కిందటి సూదికి నిద్ర మానుకున్నాడు. ఆ గడ్డలు వస్తే మొదటి కొన్ని వారాల్లోనే వస్తాయని చెప్పేదాకా ఆయనకు అన్నం సయించలేదు.

మన అలిపిరి దారే చూడండి. 2023 ఆగస్టులో చిరుత ఒక బిడ్డను పొట్టన పెట్టుకుంది. అట్లని మెట్లదారి మూసేశారా? గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని ఎక్కనివ్వలేదు. సూది వేశాక అరగంట కూర్చోమనేది కూడా అట్లాంటి కర్రే. ఒళ్లు దద్దుర్లెక్కినా, ఊపిరాడకపోయినా అప్పటికప్పుడు మందు వేయొచ్చు. ఇంతకుముందు సూదికి బిడ్డకు ఫిట్స్ వచ్చుంటే మాత్రం దాచకండి, ముందే చెప్పండి.

ఆ తల్లి దగ్గరికి మళ్లీ పోయాను. తొమ్మిదో నెల తట్టు సూదికి జ్వరం రావచ్చనీ, వారం పది రోజులకు పలచగా పొక్కులు లేవొచ్చనీ చెప్పాను. "అసలు తట్టే వస్తేనో?" అనింది. వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాస్తుందనీ, ప్రాణం పోయేవాళ్లూ ఉంటారనీ చెప్పాను. ఆమె కాసేపు బిడ్డ తల నిమురుతూ కూర్చునింది.

బుధవారం నాడు ఆమె బిడ్డనెత్తుకుని సూదికి వచ్చింది. జ్వరం చుక్కలు తనే ముందు అడిగి తీసుకునింది.