కోటి పెట్టి బీఎండబ్ల్యూ ఎం2 కొనొచ్చా? హైదరాబాద్ రోడ్ల మీద పూర్తి రివ్యూ

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు మన ముందు ఉన్నది బీఎండబ్ల్యూ ఎం2. రెండు డోర్ల కూపే. ముందు మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజిన్. పవర్ మొత్తం వెనక చక్రాలకే వెళ్తుంది. ఇది మాన్యువల్ కారు, అంటే క్లచ్ ఉంది, చేత్తో వేసుకునే ఆరు గేర్లు ఉన్నాయి. మన వ్యూయర్ ఒకాయన నమ్మకంగా తాళం చేతికిచ్చి "బాగా నడిపి చూడండి, ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. ఆయనకి ముందుగా థాంక్స్.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. ఎం2 కొనాలనుకుంటే మాన్యువల్ కొనండి. మీకు ఆటోమేటిక్కే కావాలంటే ఎం2 జోలికి వెళ్లకండి, అదే షోరూమ్‌లో పక్కనే ఉండే నాలుగు డోర్ల సెడాన్ ఎం340ఐ తీసుకోండి. పాతిక లక్షల పైనే మిగులుతాయి. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. ఎందుకంటున్నానో వినండి.

ముందు డబ్బు సంగతి. 2023లో ఈ కొత్త తరం ఎం2 మన దేశానికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 98 లక్షలు. 2024 చివర్లో పవర్ పెంచి మళ్లీ తెచ్చారు, అప్పుడు 1.03 కోట్లు. ఆ తర్వాత 2025లో జీఎస్టీ మారింది కాబట్టి ధరలు కదిలాయి, మీరు వెళ్లిన రోజు ఎంతుందో షోరూమ్‌లోనే అడగండి. ఎంతున్నా కోటి దరిదాపుల్లోనే ఉంటుంది. దాని మీద మన తెలంగాణ లైఫ్ ట్యాక్స్ పడుతుంది. ఈ రేంజ్ కార్లకి అది ధరలో దాదాపు ఐదో వంతు. ఇన్సూరెన్స్ కూడా కలిపితే రోడ్డెక్కేసరికి కోటీ పాతికకి అటూ ఇటూ. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో ఫ్యాన్సీ నంబర్ కూడా కావాలంటే అది మీ ఇష్టం. నన్నడిగితే ఆ డబ్బు టైర్లకి దాచుకోమంటాను.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఎం2 తయారయ్యేది మెక్సికోలో, శాన్ లూయిస్ పొటోసీ ప్లాంట్‌లో. అక్కడి నుంచి పూర్తిగా తయారైన కారుగా దిగుమతి అవుతుంది. ఎం340ఐని మాత్రం మన చెన్నై దగ్గరి ప్లాంట్‌లో అసెంబుల్ చేస్తారు. కాబట్టి ఈ రెండిటి మధ్య ధరలో కనిపించే తేడా అంతా కారులో ఉన్న తేడా అనుకోకండి. అందులో పెద్ద ముక్క కస్టమ్స్ సుంకానికే పోతుంది. మీరు కోటి ఇస్తున్నారంటే కోటి విలువైన కారు వస్తున్నట్టు కాదు. ఈ లెక్క మనసులో పెట్టుకుని మిగతా రివ్యూ చూడండి.

ఇప్పుడు అంకెలు. 480 హార్స్‌పవర్. టార్క్, అంటే లాగే బలం, మాన్యువల్‌లో 550 ఎన్ఎం, ఆటోమేటిక్‌లో 600. సున్నా నుంచి వందకి ఆటోమేటిక్ అయితే 4 సెకన్లు, మాన్యువల్ అయితే 4.2 అని కంపెనీ చెబుతోంది. మరి ఎం340ఐ? 374 హార్స్‌పవర్, 500 ఎన్ఎం, నాలుగు చక్రాలకీ పవర్, వందకి 4.4 సెకన్లు. అంటే వంద హార్స్‌పవర్ పైన తేడా ఉన్నా, సిగ్నల్ దగ్గర నుంచి వంద దాకా ఆటోమేటిక్‌తో పోల్చినా తేడా అర సెకను కూడా లేదు. నాలుగు చక్రాలూ పట్టుకుని లాగుతాయి కదా, అందుకని ఎం340ఐ మొదట్లో ఏమీ పోగొట్టుకోదు. హైదరాబాద్‌లో అంతకు మించిన స్పీడు మీరు ఎక్కడ వాడతారు?

ఊరి చుట్టూ ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు, ఉంది కదా అంటారు. ఉంది, 158 కిలోమీటర్లు ఉంది, రోడ్డు బ్రహ్మాండంగా ఉంది. కానీ అక్కడ గరిష్ఠ వేగం 120. ఈ ఎం2ని రెండో గేరులో రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ తిరగగల హద్దు 7,200 ఆర్పీఎం దాకా తీసుకెళ్తే అక్కడే వంద చేరిపోతుంది. మూడో గేరు పూర్తవకముందే మీ 120 అయిపోతుంది. ఇంకా మూడు గేర్లు మిగిలే ఉంటాయి. నేను కోకాపేట దగ్గర ఎక్కి శంషాబాద్ వైపు తెల్లవారుజామునే వెళ్లాను, రోడ్డు దాదాపు ఖాళీ. అయినా లిమిట్ దాటలేదు, మీరూ దాటకండి. పక్క లేన్‌లో వెళ్తున్న లారీ డ్రైవర్‌కి మీ వెనక ఎన్ని గుర్రాలున్నాయో తెలీదు, ఆయన తన లెక్కలో తను లేన్ మారతాడు.

అందుకే సున్నా నుంచి వంద లెక్క చూసి కోటి పెట్టడం అర్థం లేని పని. లిమిట్‌లో వెళ్తూ కూడా ఈ కారు మీకు ఏం ఇస్తుంది? అసలు అడగాల్సింది అదీ.

ఈ కారు ఇచ్చేది చాలా ఉంది. ఓఆర్ఆర్ దిగే ఎగ్జిట్ ర్యాంపులు గుండ్రంగా తిరుగుతాయి కదా. అక్కడ నాలుగో గేరు నుంచి మూడుకి దిగాలి. క్లచ్ తొక్కి గేర్ రాడ్ ముందుకి తొయ్యగానే ఇంజిన్ తనే చిన్నగా ఒక రేజ్ ఇచ్చుకుంటుంది. కొత్త గేరుకి సరిపడా ఆర్పీఎం పెంచుకుని కూర్చుంటుంది, మీరు క్లచ్ వదిలితే జర్క్ ఉండదు. దీన్ని మెనూలోకి వెళ్లి ఆపేయొచ్చు కూడా. నేను ఆపేశాను. అప్పుడు ఆ పని మన కాలు చేయాలి: బ్రేక్ మీద పాదం ఉంచి, మడమ పక్కకి తిప్పి యాక్సిలరేటర్‌ని తట్టాలి. పెడళ్ల మధ్య దూరం దానికి సరిగ్గా కుదిరింది. అది సరిగ్గా పడినప్పుడు కారు ఏ కుదుపూ లేకుండా వంపులోకి జారుతుంది. వేగం అరవై. ఎవరికీ ఇబ్బంది లేదు, నాకైతే ఒళ్లు పులకరించింది. ఆటోమేటిక్ ఎం2లో ఈ పనంతా కారే చేసేస్తుంది. చాలా బాగా చేస్తుంది కూడా. మీరు చూస్తూ కూర్చోవాలి, అంతే.

తర్వాత చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లాను. ఆ దారిలో మర్రిచెట్లు మీకు తెలుసు కదా, రోడ్డుకి రెండు వైపులా గొడుగు పట్టినట్టుంటాయి. అక్కడ మెల్లగా వెళ్లండి, వేళ్లు లేపిన చోట రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎం2 సస్పెన్షన్‌లో కంఫర్ట్ మోడ్ పెట్టినా ప్రతి గతుకూ నడుముకి తెలుస్తుంది. ముందు 19 అంగుళాలు, వెనక 20 అంగుళాల చక్రాలు, పలచటి టైర్లు. ఇంకేం ఆశించగలం?

అనంతగిరి ఘాట్ చిన్నదే. కానీ ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో తెలియడానికి ఆ కొద్ది మలుపులు చాలు. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది, ఆలస్యం అనేది లేదు. దీని పెద్దన్న లాంటి ఎం4తో పోలిస్తే ఎం2 వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 110 మిల్లీమీటర్లు తక్కువ, అందుకే ఇరుకు మలుపుల్లో చురుగ్గా ఉంటుంది. మలుపు చివర్లో యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం కొద్దిగా కదులుతుంది, సీటు కిందే తెలుస్తుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ని పది మెట్లలో సర్దుకోవచ్చు. రోడ్డు మీద ఉన్నంతసేపూ దాన్ని పూర్తిగా ఆన్‌లోనే ఉంచండి, ముఖ్యంగా వానాకాలంలో. 285 సైజు టైర్లు ఉన్నాయి కదా అని తడి రోడ్డు మీద ధీమా పనికిరాదు.

ఒక్క లోటు చెప్పాలి, బరువు. 1,700 కిలోలు. పాత ఎం2 ఇంతకంటే బాగా తేలిక. సాఫీగా ఉన్న మలుపుల్లో ఈ బరువుని కారు దాచేస్తుంది గానీ, గబగబా ఎడమ, కుడి, ఎడమ తిప్పాల్సి వస్తే తెలిసిపోతుంది. దాన్ని ఆపడానికి మాత్రం బ్రేకులు గట్టివే ఇచ్చారు, ముందు ఆరు పిస్టన్లవి. ఘాట్ దిగేటప్పుడు కూడా పెడల్ మెత్తబడలేదు.

ఇక పోటీ కార్లు. ఈ ధరలో అసలైన కూపేలు మన దేశంలో తక్కువ, అందుకే సెడాన్లతో కూడా పోల్చక తప్పదు. మెర్సిడెస్ ఏఎంజీ సీ43 కూడా 2023లో 98 లక్షలకే వచ్చింది. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ నుంచి 400 హార్స్‌పవర్ పైన తీశారు. టర్బోలో చిన్న ఎలక్ట్రిక్ మోటార్ పెట్టారు, ఫార్ములా వన్ నుంచి వచ్చిన టెక్నాలజీ, దానివల్ల టర్బో కోసం ఎదురుచూడక్కర్లేదు. వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరుగుతాయి. ఇంజినీరింగ్ పరంగా మెచ్చుకోవాల్సిన కారే. కానీ శబ్దం విన్నాక నా మనసు ఒప్పుకోలేదు. ఆరు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజిన్ ఐదు వేలు దాటాక ఇచ్చే ఆ గొంతు నాలుగు సిలిండర్లకి రాదు.

నిజమైన కూపేనే కావాలి, మెర్సిడెసే కావాలి అంటే సీఎల్ఈ 53 ఉంది. ఆరు సిలిండర్లు, 449 హార్స్‌పవర్, లోపల ఎం2 కంటే చాలా మెత్తగా, విలాసంగా ఉంటుంది. 2025లో 1.35 కోట్లకి వచ్చింది. దూర ప్రయాణాలకి నేను అదే ఎంచుకుంటాను, మలుపులకి కాదు. ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ అందమైన కారు, నాలుగు చక్రాల డ్రైవ్, కుదురుగా వెళ్తుంది. కానీ 354 హార్స్‌పవర్‌తో ఈ వరసలో వెనకబడుతుంది. పోర్షే 718 కేమన్ మాత్రం వేరే జాతి. ఇంజిన్ మధ్యలో ఉంటుంది, బ్యాలెన్స్ విషయంలో ఎం2 దాని ముందు చేతులెత్తేయాల్సిందే. కాకపోతే సీట్లు రెండే, బేస్ మోడల్‌లో 300 హార్స్‌పవరే, ధర ఎం2 కంటే బాగా పైన ఉండేది, 2025లో దాని తయారీ కూడా ఆగిపోయింది.

మాన్యువల్ కావాలంటే ఎం2కి అసలు పోటీ బీఎండబ్ల్యూ ఇంట్లోనే ఉంది, టాప్ తెరుచుకునే జడ్4 ఎం40ఐ. 2025లో దానికి ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. టాప్ తీసేస్తే చలికాలం పొద్దున్నే గండిపేట చుట్టూ తిరగడానికి అంత హాయి ఇంకోటి లేదు. కానీ రెండు సీట్లు, 340 హార్స్‌పవర్, మలుపుల్లో ఎం2 అంత పదును ఉండదు.

"అన్నా, మన ట్రాఫిక్‌లో మాన్యువలా?" అని కింద కామెంట్లు వస్తాయని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి ఐకియా దాకా క్లచ్ తొక్కుతూ వెళ్లాను. ఎడమ మోకాలికి పని బాగానే పడింది. క్లచ్ మరీ గట్టిగా లేదు, ఇంజిన్ కింద ఆర్పీఎంలో కూడా చక్కగా లాగుతుంది కాబట్టి రెండో గేరులోనే నెట్టుకురావచ్చు. అయినా రోజూ ఆఫీసుకి ఇదే వేసుకెళ్లమని నేను చెప్పను. ఎం2 కొనేవాళ్ల ఇంట్లో మామూలుగా ఇంకో కారు ఉంటుంది. ఉంటే ఇది ఆదివారం పొద్దుటికి ఉంచుకోండి. ఇంట్లో ఇదొక్కటే కారు, పిల్లల్ని స్కూల్లో దింపాలి, ఆఫీసుకెళ్లాలి అంటే మీకు కావాల్సింది నాలుగు డోర్ల ఎం340ఐ. ఆటోమేటిక్ ఎం2 ఈ రెండు అవసరాల్లో దేనికీ పూర్తిగా సరిపోదు. స్కూల్ డ్రాప్‌కి డోర్లు చాలవు, ఆదివారానికి గేర్ రాడ్ ఉండదు.

వెనక సీటు గురించి కూడా విన్నాక నిర్ణయించుకోండి. ముందు సీటు వంచి, తల దించి, పక్కకి తిరిగి లోపలికి దూరాలి. పిల్లలైతే సరదాగా ఎక్కేస్తారు. మీ అమ్మగారినో అత్తగారినో ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి, దిగేటప్పుడు ఇంకా ఇబ్బంది. డిక్కీ 390 లీటర్లు, ఇద్దరి వారం రోజుల సామాను పడుతుంది. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్టే. శ్రీశైలం వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరుకి తీస్తారు. లోపల అడవి, టైర్ సైడ్‌వాల్ కోసుకుపోతే కిట్ ఏమీ చేయలేదు. పొద్దున్నే బయల్దేరి వెలుతురు ఉండగానే అడవి దాటేయండి.

పెట్రోల్ విషయానికొస్తే, ట్యాంక్ 52 లీటర్లు. సిటీలో మైలేజ్ సింగిల్ డిజిట్ దాటదు, అది తెలిసే కొనాలి. బంకుల్లో మామూలుగా దొరికేది ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇలాంటి ఇంజిన్‌కి హై ఆక్టేన్ పెట్రోల్ కొట్టించడం మంచిది, మీ ఏరియాలో ఏ బంకులో దొరుకుతుందో ముందే చూసుకోండి. సైలెన్సర్ మార్పించే పని మాత్రం పెట్టుకోకండి. శబ్దం ఉన్నది చాలు, పక్కింటి పెద్దాయన నిద్ర కూడా ముఖ్యమే.

కారు సత్తా మొత్తం చూడాలని మీకుంటే కేబుల్ బ్రిడ్జి మీదో నెక్లెస్ రోడ్డు మీదో వద్దు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, ట్రాక్ డేలు జరుగుతుంటాయి. మనకి ఒక రోజు ప్రయాణం. మూడో గేరు మొత్తం, నాలుగో గేరు మొత్తం అక్కడ వాడండి.

బుక్ చేసేముందు ఒక పని చేయండి. షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ఎప్పుడూ తిప్పే నున్నటి రోడ్డు కాకుండా, కారుని మీ ఇంటిదాకా తీసుకెళ్తానని అడగండి. కాలనీలో స్పీడ్ బ్రేకర్లు ఏటవాలుగా ఎక్కించి చూడండి. జూబ్లీహిల్స్ లోపలి రోడ్లలో కొన్ని మరీ ఎత్తుగా కట్టారు. తర్వాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దించండి. ర్యాంప్ నేలని కలిసే చోట ఎవరినైనా కిందకి వంగి ముందు బంపర్ చూడమనండి. అక్కడ తగిలితే రోజూ తగులుతుంది. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి ర్యాంప్ సరిచేయించుకోవాలి, లేదా పైన గేటు పక్కన పార్కింగ్ అడిగి తీసుకోవాలి. ఆ సంగతి తేలాకే అడ్వాన్స్ కట్టండి.