ఇందిరను మొదట తిట్టింది నేనే

(వారాంతపు సాహిత్య చర్చా కార్యక్రమం నుంచి. స్టూడియోలో ముగ్గురు అతిథులు: విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన ఒక పాఠకురాలు, డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకుడు, హైదరాబాదులో పుస్తకాల దుకాణం నడుపుతున్న యువకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం రచయితలెవరినీ పిలవలేదు. రాసినవారు ఎదురుగా కూర్చుంటే చదివినవారు మొహమాటపడతారని మా అనుమానం. బల్ల మీద అయిదు నవలలున్నాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘అల్పజీవి’, డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’, ఈ మధ్య వచ్చినవాటిలో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. మేడం, మీతోనే మొదలుపెడదాం. మీ చేతిలో ఉన్న ప్రతికి అట్ట ఊడినట్టుంది?

పాఠకురాలు: ఊడింది, దారంతో కుట్టాను. ‘కాలాతీత వ్యక్తులు’ మా అమ్మ పుస్తకం. నా పంతొమ్మిదో ఏట నా చేతికొచ్చింది. అంచుల్లో మూడు రకాల రాతలున్నాయి చూడండి. నీలం సిరా పంతొమ్మిదేళ్ల పిల్లది. ఎర్ర సిరా నలభై దాటాక. పెన్సిలు రాత మొన్నటిది. నీలం సిరాతో ఇందిర పేరు పక్కన ఏం రాశానో చదవమంటారా? ‘స్వార్థపరురాలు’. కింద రెండు గీతలు కూడా.

వ్యాఖ్యాత: చదవనివారి కోసం ఇందిర ఎవరో చెప్పండి.

పాఠకురాలు: విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, బాధ్యత లేని తండ్రిని పోషించే అమ్మాయి. అదే ఇంట్లో అద్దెకుండే వైద్య విద్యార్థి ప్రకాశాన్ని ఇష్టపడుతుంది. తన గదిలో చోటిచ్చిన కల్యాణి వైపు అతని మనసు మళ్లుతోందని తెలియగానే ఆ పిల్లను బయటికి పంపించేస్తుంది. కల్యాణి మెతక మనిషి, కష్టాల్లో ఉన్న మనిషి. పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరైనా కల్యాణి పక్షమే కదండీ! ఏడ్చేవాళ్లను చూసి మనమూ ఏడుస్తాం. ఇందిర ఏడవదు. అందుకని తిట్టాను.

అధ్యాపకుడు: ఎర్ర సిరా ఏమంటోంది?

పాఠకురాలు: ఎర్ర సిరా ఇందిర జోలికి వెళ్లలేదు మాస్టారూ, ప్రకాశాన్ని పట్టుకుంది. చదివించిన మేనమామ ముందు నోరు పెగలని మనిషి, ఇందిర ముందు మాత్రం ప్రేమ కబుర్లు చెబుతాడు. అప్పటికి నేను బ్యాంకులో పదిహేనేళ్లకు పైగా పనిచేశాను. అటువంటి మగవాళ్లను చాలామందిని చూశాను, ఒకరిద్దరి పక్కన కూర్చుని పద్దులు కూడా సరిచూశాను. ఇక పెన్సిలు రాత తిరిగి ఇందిర దగ్గరికే వచ్చింది. ఆ అమ్మాయికి తిండి పెట్టేవాళ్లు లేరు, తనే ఒకరికి పెట్టాలి. మంచితనం చూపించడానికి కొంత తీరిక కావాలి, ఆ తీరిక ఆమెకు లేదు. ఈ సంగతి నాకు అరవై నిండితే గాని తెలియలేదు. రాసినప్పుడు శ్రీదేవిగారికి ముప్పై ఏళ్లు కూడా లేవు.

వ్యాఖ్యాత: ఆవిడ వైద్యురాలు కూడా.

పాఠకురాలు: అవును. నవల ‘తెలుగు స్వతంత్ర’లో 1957–58లో ధారావాహికగా వచ్చింది. 1961లో ఆవిడ పోయారు. రెండేళ్ల తర్వాత ‘చదువుకున్న అమ్మాయిలు’ పేరుతో సినిమా తీశారు. అది చూసి ఇదే కథ అనుకుంటే మాత్రం పొరపాటు. సినిమా సరదాగా ఉంటుంది. నవలలో సరదాకు ఖరీదు ఉంటుంది.

అధ్యాపకుడు: నాకొక అభ్యంతరం ఉంది. మేడం చదివే పద్ధతి చాలామందిది, నాదీ ఒకప్పుడు అదే. పాత్రల్ని చుట్టాల్లా చూస్తాం. ఒకరిని మెచ్చుకుంటాం, ఒకరితో మాటలు మానేస్తాం. దాంతో రచయిత చేసిన పని వెనక్కి పోతుంది. ‘అల్పజీవి’ తీసుకోండి. సుబ్బయ్య గుమాస్తా. భార్య సావిత్రికి చులకన, బావమరిది వెంకట్రావుకు మరీ లోకువ. అతని మాట కాదనలేక గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర అప్పు చేస్తాడు, తర్వాత వణుకుతాడు. ఇంతే కథ. ఇది మా వీధిలోనూ జరుగుతుంది. రావిశాస్త్రి చేసిందల్లా ఆ వణుకును వాక్యంలోకి తేవడం. సుబ్బయ్య ఆలోచన ఒక మాట దగ్గర తట్టుకుంటుంది, వెనక్కి వస్తుంది, అదే మాటను మళ్లీ తడుముతుంది. డబ్లిన్ గురించి రాసిన ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ప్రభావం అని విమర్శకులు రాశారు. కావచ్చు. కానీ ఆ భయం విశాఖపట్నం గుమాస్తాదే, డబ్లిన్‌ది కాదు.

పాఠకురాలు: సుబ్బయ్య మీద కూడా నాకు మొదట అసహ్యమే.

అధ్యాపకుడు: చూశారా, మళ్లీ చుట్టరికం!

పాఠకురాలు: (నవ్వుతూ) చెప్పనివ్వండి. మీరు వాక్యం అంటున్నారు. ఆ వాక్యం వల్లే నా అసహ్యం మారింది. బయటినుంచి చూస్తే అతను పిరికివాడు. ఆ పుస్తకం అతన్ని బయటినుంచి చూడనివ్వదు. నలభై పేజీలు అతని బుర్రలో కూర్చున్నాక, వీధిలో ఎవరో గట్టిగా పిలిస్తే నేను ఉలిక్కిపడ్డాను. మీరూ నేనూ చెప్పేది ఒకటేనేమో మాస్టారూ. మీరు వంటింట్లో నిలబడి చూస్తున్నారు, నేను విస్తరి ముందు కూర్చున్నాను.

అధ్యాపకుడు: ఒప్పుకుంటాను, సగం. మిగతా సగానికి నా తరగతి సంగతి చెబుతాను. ‘అసమర్థుని జీవయాత్ర’ పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒకటే జరుగుతుంది. సీతారామారావు వంశం పరువు కోసం ఆస్తిని కరిగిస్తాడు, ఆ పైన లోకం మీద కోపం పెంచుకుంటాడు, ఇంట్లోవాళ్ల మీద తీర్చుకుంటాడు, చివరికి శ్మశానం దాకా వెళతాడు. పాఠం అయ్యేలోపు ఎవరో ఒకరు చెయ్యెత్తి, ‘సార్, అతనికి డిప్రెషన్. డాక్టరుకు చూపిస్తే సరిపోయేది’ అంటారు. తరగతి అంతా తలూపుతుంది. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ రోగానికి పేరు పెట్టగానే పుస్తకం మూసేస్తారు. తండ్రి అప్పగించిన పరువు అనే బరువు, చదివిన తత్వశాస్త్రం, చేతకానితనం, వీటన్నిటినీ ఒకే చీటీ మీద రాసి మందుల దుకాణానికి పంపినట్టుంటుంది.

పుస్తక విక్రేత: మాస్టారూ, వాళ్ల తరఫున ఒక మాట చెప్పనా? ఆ మాట అనగలుగుతున్నారంటే సీతారామారావును వాళ్లు క్షమిస్తున్నారన్నమాట. మా నాన్న తరంలో ఆ పేరు తిట్టుగా వాడేవారు. పని చెయ్యని కుర్రాణ్ని చూసి అసమర్థుడి జీవయాత్ర అనేవారు. నవల చదవనివారు కూడా.

అధ్యాపకుడు: అది నిజం. మా ఇంట్లో నన్నూ అన్నారు.

వ్యాఖ్యాత: కొత్త నవలల వైపు వెళదాం. బాబూ, మీ దుకాణానికి వచ్చేవాళ్లు ‘కొండపొలం’ ఎలా అడుగుతారు?

పుస్తక విక్రేత: రెండు రకాలుగా. నవలగా దానికి 2019లో తానా, అంటే ఉత్తర అమెరికా తెలుగు సంఘం, బహుమతి వచ్చింది, అది విని వచ్చేవారు కొందరు. 2021లో సినిమా వచ్చాక వచ్చేవారు ఇంకొందరు. ఒకాయన పుస్తకం కొనుక్కెళ్లి వారానికి తిరిగొచ్చాడు. ‘ఓబులమ్మ ఏ పేజీలో ఉందయ్యా?’ అని అడిగాడు. ఆమె సినిమా కోసం కల్పించిన పాత్ర, నవలలో లేదని చెప్పాను. పుస్తకంలో పేజీలు తక్కువ పడ్డాయేమో చూడమన్నాడు!

పాఠకురాలు: నాకు పేరు దగ్గరే దెబ్బ తగిలింది. పొలం అంటే మాకు దున్ని విత్తేది. కొండవాలు సేద్యం గురించిన నవల అనుకుని తెరిచాను.

పుస్తక విక్రేత: కరువొచ్చి ఊళ్లో మేతా నీళ్లూ లేనప్పుడు మందలను తోలుకుని నల్లమలలోకి వెళ్లడం అమ్మా. వారాల తరబడి అడవిలోనే. మా తాతకు గొర్రెలుండేవి, అందుకని ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన చదువుకున్న కుర్రాడు తండ్రి వెంట ఆ అడవిలోకి వెళతాడు. పులి భయం ఒకటే కాదు. నీళ్లెక్కడున్నాయి, రాత్రి మందను ఎక్కడ ఆపాలి, ఏ గొర్రె వెనకబడింది, నవల నడిచేది ఈ లెక్కల మీద. నగరంలో ఇంటర్వ్యూలో నోరు తెరవలేని కుర్రాడికి అక్కడ చెవులూ కళ్లూ తెరుచుకుంటాయి. నేను ఒక్క రాత్రిలో చదివాను.

పాఠకురాలు: నాకు మూడు వారాలు పట్టింది. మొదటి యాభై పేజీలు మాటలకు తడుముకున్నాను. ఒక దశలో కోపం కూడా వచ్చింది, వెనక అర్థాల పట్టిక ఇవ్వచ్చు కదా అని. తర్వాత సిగ్గేసింది. విశాఖ యాసను రావిశాస్త్రి రాస్తే నాకు పట్టిక అక్కర్లేదు. అప్పుడు సీమ పాఠకుడు ఎన్నిసార్లు తడుముకున్నాడో నేనెప్పుడైనా ఆలోచించానా?

వ్యాఖ్యాత: మరి ‘శప్తభూమి’? 2019కి సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల.

పాఠకురాలు: నిజం చెప్పాలంటే, దాన్ని గౌరవించాను. ప్రేమించలేదు. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం, హండే పాలకులు, కరువు, అణగారిన మనుషుల బతుకు. అంత సామగ్రి మరొక నవలలో నాకు దొరకలేదు. కానీ పుస్తకం మూశాక నా వెంట ఎవరూ రాలేదు. ఇందిర వచ్చింది, సుబ్బయ్య వచ్చాడు. ఇక్కడ మాత్రం కాలం వచ్చింది, మనుషులు రాలేదు.

పుస్తక విక్రేత: కోపగించుకోనంటే ఒక ప్రశ్న అమ్మా.

పాఠకురాలు: అడుగు బాబూ.

పుస్తక విక్రేత: సుబ్బయ్య గుమాస్తా. మీరు చూసిన లోకం అది. ఇందిర ఉద్యోగం చేసే అమ్మాయి, అదీ మీ లోకమే. వాళ్లు మీ ఇంటికి నడిచి వచ్చారంటే దారి ముందే ఉంది కాబట్టి. వెట్టి చేసే మనిషిని, ఊరి బయట ఉండేవాణ్ని, పాత నవలలు ఎంతమందిని మీ గడప దాకా తెచ్చాయి? దారి లేనిచోట నడవడానికి పుస్తకానికి ఒక్క చదువు చాలదేమో.

(కొద్దిసేపు మౌనం)

పాఠకురాలు: ఈ మాట నేను ఊహించలేదు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా నా అభిప్రాయం పూర్తిగా మార్చుకోను. నువ్వు చెప్పింది నా గురించి నిజం. పుస్తకం గురించి ఎంత నిజమో రెండోసారి చదివితే గాని చెప్పలేను. పెన్సిలు ఇంకా అరిగిపోలేదు.

అధ్యాపకుడు: మొదటి చదువుకే తీర్పు రాసే మా విమర్శకులు ఇది వినాలి. నేనూ వినాలి. ఆ నవల మీద నేను రాసిన వ్యాసం నాలుగు రోజుల్లో పూర్తయింది.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. మేడం, మీ పుస్తకంలో మూడు చేతిరాతలన్నారు. ఇందాక విరామంలో నాలుగోది ఉందన్నారు?

పాఠకురాలు: అది రాత కాదండీ. మొన్న అట్ట కుట్టడానికి కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు కనిపించింది. కొన్ని పేజీల్లో గోటితో గీసిన గీతలున్నాయి. మా అమ్మవి. వంటింట్లో నిలబడి చదివేది, చేతికి పెన్సిలు ఎక్కడ దొరుకుతుంది? నలభై ఏళ్లుగా ఈ పుస్తకం నా దగ్గరే ఉంది, ఒక్కసారీ గమనించలేదు.

వ్యాఖ్యాత: ఏ వాక్యాల కింద గీశారు?

పాఠకురాలు: ప్రేమ సంగతుల కింద ఒక్కటీ లేదు. కల్యాణి ఏడ్చిన చోటా లేదు. ఇందిర ఉద్యోగం ప్రస్తావన, జీతం ప్రస్తావన వచ్చిన చోట్లలోనే ఉన్నాయి.

వ్యాఖ్యాత: అమ్మగారు ఉద్యోగం చేశారా?

పాఠకురాలు: లేదు. నా బ్యాంకు పరీక్షకు రుసుము మాత్రం ఆవిడే కట్టింది, పోపుల డబ్బాలోంచి తీసి.

వ్యాఖ్యాత: ఆ పేజీ ఒకసారి కెమెరాకు చూపిస్తారా?

పాఠకురాలు: ఇక్కడ కనిపించదండీ. వెలుతురు పక్కనుంచి పడాలి.