ఆమెకు తెలుసా? సీరియల్ చూసి కథ రాయడం నేర్చుకోవచ్చా

[ప్రెజెంటర్ నేరుగా కెమెరాతో. వెనక తెల్లబోర్డు, ఇంకా ఏమీ రాయలేదు.]

నమస్తే. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు స్క్రిప్టు పట్టుకుని వస్తే నేను మొదట అడిగేది ఒకటే: "మీ ఇంట్లో ఏ సీరియల్ చూస్తారు?" వెంటనే ముఖం అదోలా పెడతారు. "సీరియల్సా? అవి అమ్మ చూస్తుందండీ. అంతా సాగదీతే కదా" అంటారు. కొరియన్ డ్రామాలైతే చూస్తారట. కొరియన్ డ్రామా కూడా సీరియలే నాయనా! సాధారణంగా 16 ఎపిసోడ్లలో అయిపోతుంది, అంతే తేడా.

ఈ సాగదీత అనే మాట విని విని విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. సాగదీత లేదని నేననను. ఉంది, కావలసినంత ఉంది. కానీ ఏళ్ల తరబడి, రోజూ అదే టైముకి, వంటింట్లో స్టవ్ ఆపించి మరీ ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెడుతున్నవాడికి మీకు తెలియని పని ఏదో తెలిసి ఉండాలి కదా. అదేమిటో చూద్దాం.

'కార్తీక దీపం' తీసుకుంటాను. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో 1569 ఎపిసోడ్లతో ముగిసింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కి ఇది రీమేక్. రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథే. వంటలక్క అంటే నాయిక దీప, డాక్టర్ బాబు అంటే ఆమె భర్త కార్తీక్, అంతకుమించి నేను చెప్పను. వాళ్ల మధ్య చిచ్చుపెట్టే మోనిత గురించి అసలే చెప్పను, నాకు బీపీ పెరుగుతుంది. మనకు కావలసింది ఆ కథలో ఒకే ఒక్క కాగితం: కార్తీక్‌కి పిల్లలు పుట్టరని నమ్మించిన ఆ అబద్ధపు రిపోర్టు.

[బోర్డు మీద 'రిపోర్టు' అని రాసి చుట్టూ గీత గీస్తారు.]

ఇప్పుడు చూడండి. ఈ రిపోర్టు అబద్ధమని మోనితకు తెలుసు. మనకు తెలుసు. కార్తీక్‌కి తెలియదు, అందుకే దీప కడుపులో బిడ్డ తనది కాదని ఆమెను దూరం పెట్టాడు. దీపకు తన తప్పేమీ లేదని తెలుసు, నిరూపించే దారి తెలియదు. కథంతా ఇక్కడే ఉంది. మిగతా పెళ్లిళ్లు, పేరంటాలు, పట్టుచీరలు అన్నీ దీని చుట్టూ తిరిగేవే.

రహస్యం అంటే రచయిత మన దగ్గర చేసిన అప్పు. "ఈ నిజం ఏదో ఒకరోజు కార్తీక్‌కి తెలుస్తుంది, అదీ మీ కళ్లముందే" అని మనకు నోటు రాసిచ్చాడు. మనం నమ్మి మన సాయంత్రాలు అప్పిచ్చాం. అసలు ఎప్పుడో తీరుస్తాడు, సరే. అప్పటిదాకా వడ్డీ కట్టాలా వద్దా? ఇక్కడ వడ్డీ అంటే నిజం కొంచెం కదలడం. తెలిసినవాళ్లలో ఇంకొకరు చేరతారు. తెలియనివాడికి అనుమానం వస్తుంది. లేదా సగమే తెలిసి, ఆ సగంతో తప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. ఇవన్నీ వడ్డీ జమలు. మరి ఒకామె నిజం చెప్పబోతుంటే ఫోన్ మోగడం, ఎవరో తలుపు కొట్టడం? అది వడ్డీ కాదు, "రేపు రండి" అని పంపించేయడం. ఒకటి రెండుసార్లయితే ఊరుకుంటాం. రోజూ అదే పాటైతే గుమ్మంలోనే తిట్టుకుంటాం. మీరు సాగదీత అంటున్నది దీన్నే. కథ నెమ్మదిగా నడిస్తే అది సాగదీత కాదు, వడ్డీ ఎగ్గొడితే సాగదీత.

ఇంకో సంగతి. ప్రామిసరీ నోటుకి గడువు మూడేళ్లని మన పెద్దవాళ్లందరికీ తెలుసు. అది దాటేలోగా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. సీరియల్లో ఒకరికి గతం గుర్తులేకుండా పోయిందంటే, పోయాడనుకున్న మనిషి గడ్డంతో తిరిగొచ్చాడంటే నోటు తిరగరాశారన్నమాట. పాత అప్పు తీర్చకుండా అంతకంటే పెద్ద అప్పు మన చేతిలో పెట్టారు. తిట్టండి, నేనూ తిడతాను. కానీ ఎంత పకడ్బందీగా తిరగరాశారో చూడకుండా మాత్రం తిట్టకండి.

[కెమెరా కొంచెం దగ్గరగా.]

మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అని) కలహండి వైపు మనిషి. తరంగ్‌లో తన ఒడియా సీరియల్ అయిపోగానే మా ఇంటికొచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చుంటుంది. ఒళ్లో చేట, చేటలో చింతపండు. చేతులు గింజలు తీస్తుంటాయి, కళ్లు మా తెలుగు సీరియల్ మీద ఉంటాయి. ఆమెకు తెలుగు అక్కడో ముక్క ఇక్కడో ముక్క అర్థమవుతుంది. అయినా వాళ్లేమన్నారని అడగదు, ఎందుకు ఏడుస్తోందనీ అడగదు. కొత్త మనిషి గదిలోకి రాగానే అమ్మ మోచేతి మీద తట్టి ఒకటే మాట: "సే జాణిచి కి?" ఆమెకు తెలుసా, అని. అమ్మ "నా, జాణిని" అంటుంది. తెలియదు, అని. అంతే. మావుసి "అయ్యో" అన్నట్టు తలాడించి మళ్లీ గింజల పనిలో పడుతుంది. ఇక ఆ సీన్ మొత్తం ఆమెకు అర్థమవుతుంది, డైలాగ్ ఒక్కటీ తెలియకపోయినా.

స్క్రీన్‌ప్లే క్లాసులకు డబ్బు కట్టేవాళ్లు మావుసి పక్కన వారం రోజులు కూర్చుంటే చాలని నా అభిప్రాయం. చింతపండు పని కూడా అవుతుంది.

ముఖాల మీదికి వరసగా జూమ్ చేస్తూ వెనక ఢాం ఢాం ఢాం కొడతారు కదా, దాని మీద మీరు మీమ్స్ చేస్తారు. చేయండి. కానీ ఈసారి కెమెరా ఎవరెవరి ముఖం మీద ఆగుతోందో చూడండి. ఒక్కో ముఖం వెనకా ఒక్కో లెక్క ఉంటుంది. ఒకరికి అంతా తెలుసు, ఒకరికి సగం తెలుసు, ఒకరికి ఏమీ తెలియదు. అప్పుల పుస్తకం పేజీ తిప్పి మనకు చూపిస్తున్నారు. సౌండ్ ఎక్కువైందంటారా, ఒప్పుకుంటాను.

మళ్లీ 'కార్తీక దీపం'కి వద్దాం. దీపకు పుట్టిన కవలల్లో హిమ, నాయనమ్మ సౌందర్య పుణ్యమా అని కార్తీక్ ఇంట్లోనే పెరుగుతుంది. తను పెంచుతున్నది తన బిడ్డనేనని కార్తీక్‌కి తెలియదు. ఇప్పుడు ముగ్గుర్నీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, "హిమా, ఇంకొంచెం పెరుగు వేసుకోమ్మా" అని కార్తీక్ చేత అనిపించండి. ఆ మాటలో డ్రామా ఏముంది? ఏమీ లేదు. కానీ సౌందర్య చేతిలో ముద్ద ఆగిపోతుంది. పెరుగన్నం మీద సీన్ నిలబడిపోయింది!

[బోర్డు మీద మూడు గళ్లు: 'పాత్ర', 'సీన్‌కి ముందు ఏం తెలుసు', 'సీన్ తర్వాత ఏం తెలుసు'.]

సరే, మన కుర్రాళ్ల షార్ట్ ఫిల్ముకి వద్దాం. నాకు అసలు చిరాకు ఇక్కడే. సస్పెన్స్ అంటే ప్రేక్షకుడి దగ్గర దాచడం అనుకుంటారు. 10 నిమిషాల సినిమా. ఒక కుర్రాడు రోజూ రైల్వే స్టేషన్‌కి వచ్చి ఎవరి కోసమో చూస్తుంటాడు. పదో నిమిషంలో తెలుస్తుంది, ఆ అమ్మాయి ఎప్పుడో చనిపోయిందని. వెనక పియానో. ఎందుకో ఎప్పుడూ పియానోయే. తొమ్మిది నిమిషాలు మాకు నోటే రాయకుండా, పదో నిమిషంలో అప్పు తీర్చేశానంటావు. అసలు నీకు అప్పిచ్చిందెవరయ్యా?

అదే కథ తిరగేద్దాం. ఆ అమ్మాయి లేదని మాకు మొదటి నిమిషంలోనే చెప్పేయండి. ప్లాట్‌ఫాం మీద టీ కొట్టు అతనికీ తెలుసు. కుర్రాడికి మాత్రం తెలియదు. పార్వతీపురం వైపు నుంచి బండి వస్తోంది. కుర్రాడు "రెండు టీలు" అంటాడు. టీ కొట్టు అతను ఒక్క క్షణం ఆగి, రెండు గ్లాసులూ నింపుతాడు. డబ్బులు ఒక్క టీకే తీసుకుంటాడు. ట్విస్టు లేదు, పియానో లేదు. అయినా ఆ గ్లాసు ఎవరు తాగుతారా అని మేం కదలకుండా చూస్తాం.

ఇది టీవీవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. కర్ణుడు ఎవరి కొడుకో భారతంలో ఎవరికి ఎప్పుడు తెలుస్తుందో వరసగా రాసి చూడండి. కుంతికి మొదటి నుంచీ తెలుసు, వింటున్న మనకూ తెలుసు. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుడికే చెప్పేస్తాడు. ఆ తర్వాత కుంతి కూడా వెళ్లి కలుస్తుంది. తెలియాల్సినవాడికి తెలిసిపోయింది కదా, ఇంకొకడైతే కథ ఇక్కడే ముగించేవాడు. వ్యాసుడు అప్పుని పాండవుల పేరుకి మార్చాడు. అన్నను చంపుతున్నానని తెలియకుండానే అర్జునుడు బాణం వేస్తాడు. యుద్ధమంతా అయ్యాక, తర్పణాలు వదిలే వేళ, కర్ణుడికీ నీళ్లు వదలండి, మీ అన్న అని కుంతి చెబుతుంది. అసలు పైసాతో సహా తీరింది, ఎవరికీ అక్కరకు రాని రోజున. ధర్మరాజు మండిపడి, ఆడవాళ్ల నోట ఇకపై రహస్యం దాగకూడదని శపిస్తాడు. (కుంతి దాచినదానికి లోకంలో ఆడవాళ్లందరికీ శాపమా? ఇదేం న్యాయమో. సరే, అది వేరే వీడియో.)

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

బ్రేకులు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఎలాగూ బ్రేకులు తప్పవు కాబట్టి, ప్రతి బ్రేకు ముందూ ఎవరికో ఒకరికి ఏదో తెలిసేలా చేసి ఆపుతారు. ఎక్కడ ఆపారో రాసుకోండి.

రీకాప్, అంటే ఎపిసోడ్ మొదట్లో నిన్నటి కథ చూపించే ముక్క. టైం లేనివాళ్లు వారం రోజుల రీకాప్‌లు చూసినా చాలు. 1984లో దూరదర్శన్ సీరియల్ 'హమ్ లోగ్'లో ఎపిసోడ్ చివర హిందీ నటుడు అశోక్ కుమార్ వచ్చి మనతో మాట్లాడేవారు. ఇప్పుడు మనిషి లేడు, ఎడిటింగే ఆ పని చేస్తోంది. నిన్న ఎవరికి ఏం తెలిసిందో అదే ఏరి చూపిస్తుంది.

భాష రాని సీరియల్ చూడటం. మనవైపు తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్లే ఎక్కువ కాబట్టి బెంగాలీదో మరాఠీదో పెట్టుకోండి. ఒక్క ఎపిసోడ్ చాలు. బోర్డు మీదున్న గళ్లు నోట్‌బుక్‌లో గీసి, మావుసి ప్రశ్న మీరే వేసుకుంటూ నింపండి.

ఆఖరుది. అవే గళ్లు మీ స్క్రిప్టుకీ గీయండి. ఏ సీన్‌లో రెండో గడి, మూడో గడి ఒకేలా ఉన్నాయో అది కొట్టేయండి, అందులో మీ ప్రాణంలాంటి డైలాగ్ ఉన్నా సరే. కొట్టేశాక మిగిలింది పట్టుకుని నా దగ్గరికి రండి. వచ్చే వీడియోలో విలన్లు.